పాకిస్తాన్ నోటు వెనక తెలుగు, నా పాత వీడియోకి ఒక క్షమాపణ

ఇవాళ ఎపిసోడ్ పాత నోట్ల గురించి. కానీ టైటిల్‌లో "లక్షలు" అనే మాట లేదు, గమనించారా? కావాలనే పెట్టలేదు. ఎందుకో చెప్పడంతోనే మొదలుపెడతాను.

రెండేళ్ల కింద ఇదే చానల్లో 58 సెకన్ల షార్ట్ ఒకటి పెట్టాను. అప్పటికి ఉద్యోగం మానేసి నాలుగు నెలలు. సేవింగ్స్ కరిగిపోతున్నాయి, వ్యూస్ రావట్లేదు, అమ్మ రోజూ ఫోన్ చేసి "మళ్ళీ కంపెనీకి వెళ్ళరా" అంటోంది. ఆ టెన్షన్లో ఒక వీడియో చేశాను. "రాజు బొమ్మ ఉన్న ఈ పాత నోటు మీ ఇంట్లో ఉందా? ఉంటే మీరు లక్షాధికారి" అని. ఒక ఇంగ్లీషు వీడియో చూసి, అందులో రెండు ముక్కలు తీసుకుని, మ్యూజిక్ వేసి వదిలేశాను. బాగా వెళ్ళింది. దాని మీద నాకు వచ్చిన డబ్బు 3,800 రూపాయలు చిల్లర.

మా మావయ్యకి, అంటే అమ్మ తమ్ముడికి, చీరాలలో టైలర్ షాపు ఉంది. ఆ వీడియో ఆయనా చూశాడు. మా తాతయ్య ట్రంకు పెట్టెలో, పాత పంచాంగం మధ్యలో ఒక రెండు రూపాయల నోటు ఉంది. ఆరవ జార్జి బొమ్మ ఉన్నదే. నాకు చెప్పలేదు. చెప్పకుండా అమ్మి సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నాడట. ఆన్‌లైన్లో "పాత నోట్లు కొంటాం" అని ఒక యాడ్ కనపడితే ఫోటో పంపాడు. పది నిమిషాల్లో ఫోన్. "సార్, మీ నోటుకి 11 లక్షల ఆఫర్ ఉంది. రిజిస్ట్రేషన్‌కి 1,550 కట్టండి చాలు." కట్టాడు. తర్వాత జీఎస్టీ అని 8,500. కట్టాడు. తర్వాత రిజర్వ్ బ్యాంకు పేరుతో, ముద్రతో, ఒక లెటర్ వాట్సాప్‌లో వచ్చింది. అనుమతి పత్రానికి 19,500. అదీ కట్టాడు. మొత్తం 29,550. ఆ తర్వాత ఆ నంబర్ స్విచ్ఛాఫ్.

నాకు ఈ సంగతి ఒక పెళ్ళిలో తెలిసింది, అదీ ఆరు నెలల తర్వాత. భోజనాల దగ్గర పక్కన కూర్చుని, విస్తట్లోకి చూస్తూ అన్నాడు. "ఒరేయ్ చిన్నా, నీ వీడియో చూసే కదరా పంపింది." తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ రాత్రే వీడియో డిలీట్ చేశాను. కానీ డిలీట్ చేస్తే సరిపోదనిపించింది. నేను లక్షలు వస్తాయని చెప్పిన ఆ నోటు అసలు ఏంటో నాకే తెలియదు. అది తెలుసుకుందామని మొదలుపెట్టాను. ఈ ఎపిసోడ్ అదే.

సరే, అసలు విషయానికి వద్దాం.

1947 జూన్ 3న దేశ విభజన ప్రకటించారు. ఆగస్టు 14, 15 తేదీలకల్లా రెండు దేశాలు. అంటే పది వారాలు. సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్ ఒక్కసారి ఆలోచించండి. మనం ఒక పేమెంట్ యాప్‌ని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మార్చాలంటే ఆరు నెలలు ప్లాన్ చేస్తాం, అయినా రిలీజ్ రోజు రాత్రి నిద్ర ఉండదు. ఇక్కడ ఒక దేశం మొత్తాన్ని పది వారాల్లో రెండుగా విడగొట్టాలి. రైళ్ళు, సైన్యం, ఫైళ్ళు, లైబ్రరీ పుస్తకాలు, చివరికి ఆఫీసుల్లో కుర్చీలు కూడా. మరి డబ్బు?

కొత్త దేశం వచ్చింది కదా అని రాత్రికి రాత్రి కొత్త నోటు రాదు. డిజైన్ కావాలి, కాగితం కావాలి, ప్రెస్ కావాలి, బాధ్యత తీసుకునే సెంట్రల్ బ్యాంకు కావాలి. నోట్లు అచ్చేసే ప్రెస్ ఉన్నది నాసిక్‌లో. అది ఇండియా వైపు ఉండిపోయింది. పాకిస్తాన్ వైపు నోట్ల ప్రెస్ లేదు, సెంట్రల్ బ్యాంకు లేదు. కానీ ఆగస్టు 15 పొద్దున్న కరాచీలో ఎవరో టీ తాగుతారు కదా, ఢాకాలో ఎవరో బియ్యం కొంటారు కదా. ఏ నోటు ఇస్తారు?

దానికి 1947 ఆగస్టులో ఒక ఆర్డర్ తెచ్చారు. మన రిజర్వ్ బ్యాంకే కొన్నాళ్ళు రెండు దేశాలకీ సెంట్రల్ బ్యాంకుగా ఉంటుంది. 1948 సెప్టెంబర్ 30 దాకా అని మొదట అనుకున్నారు. అప్పటిదాకా ఇండియా నోట్లు అక్కడా చెల్లుతాయి. 1948 ఏప్రిల్ 1 నుంచి మాత్రం పాకిస్తాన్ కోసం ప్రత్యేకంగా పేరు వేసిన నోట్లు ఇస్తారు.

ఎలా ఉంటాయి ఆ నోట్లు? అవే ఇండియా నోట్లు. అదే ఆరవ జార్జి బొమ్మ, అదే "రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా" అనే పేరు. కాకపోతే ముందు వైపు వాటర్‌మార్క్ ఉండే తెల్లటి జాగాలో, పైన ఇంగ్లీషులో "గవర్నమెంట్ ఆఫ్ పాకిస్తాన్", కింద ఉర్దూలో "హుకూమత్-ఎ-పాకిస్తాన్". అంతే తేడా. 1, 2, 5, 10, 100 రూపాయల్లో వచ్చాయి. అచ్చయింది నాసిక్‌లోనే.

ఒక రూపాయి నోటయితే ఇంకా తమాషా. మన దగ్గర రూపాయి నోటు ప్రభుత్వమే ఇస్తుంది, రిజర్వ్ బ్యాంకు కాదు. కాబట్టి ఆ నోటు మీద "గవర్నమెంట్ ఆఫ్ ఇండియా" అనీ ఉంటుంది, "గవర్నమెంట్ ఆఫ్ పాకిస్తాన్" అనీ ఉంటుంది. ఒకే కాగితం మీద రెండు ప్రభుత్వాలు. పైగా 1948 అంటే కాశ్మీర్‌లో ఆ రెండు దేశాలకీ యుద్ధం నడుస్తున్న ఏడాది. అక్కడ తుపాకులు పేలుతున్నాయి, ఇక్కడ నాసిక్‌లో పక్క దేశానికి నోట్లు అచ్చవుతున్నాయి.

రెండు రూపాయలు, ఆ పై నోట్ల మీద సంతకం ఎవరిదో తెలుసా? సి.డి. దేశ్‌ముఖ్‌ది. రిజర్వ్ బ్యాంకుకి మొట్టమొదటి భారతీయ గవర్నర్. తర్వాత మన దేశానికి ఆర్థిక మంత్రి కూడా అయ్యారు. పాకిస్తాన్ పేరున్న నోటు మీద ఆయన సంతకం. ఇంకో ముక్క చెప్తాను, మీకు నచ్చుతుంది. 1953లో ఆయన పెళ్ళి చేసుకున్నది రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయిని. అవును, ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారే. అంటే ఆ సంతకం పెట్టినాయన తర్వాత మన తెలుగింటి అల్లుడయ్యాడన్నమాట.

ఇప్పుడు ఈ నోట్ల వెనకున్న గొడవ ఒకటి చెప్పాలి. ఉమ్మడి ఖజానాలో ఉన్న నగదులో పాకిస్తాన్ వాటా 75 కోట్లు అని ఒప్పందం. అందులో 20 కోట్లు మొదట్లోనే ఇచ్చేశారు. మిగతా 55 కోట్లు కాశ్మీర్ యుద్ధం వల్ల మన ప్రభుత్వం ఆపింది. ఆ డబ్బు ఇస్తే మన మీదే బాంబులవుతుందన్నది వాదన. 1948 జనవరి 13న గాంధీజీ ఢిల్లీలో నిరాహార దీక్ష మొదలుపెట్టారు. దీక్ష ప్రధానంగా మత కలహాలు ఆగాలని. కానీ 15వ తేదీన ప్రభుత్వం ఆ 55 కోట్లూ విడుదల చేస్తున్నట్టు ప్రకటించింది. 18న దీక్ష విరమించారు. 30న ఆయన్ని చంపేశారు.

ఈ గొడవలో రిజర్వ్ బ్యాంకు ఇరుక్కుపోయింది. ఇద్దరికీ బ్యాంకరు కదా. నమ్మకం పోయింది. దాంతో గడువు ముందుకు జరిగింది. 1948 జూన్ 30తో మన రిజర్వ్ బ్యాంకు అక్కడ పని ఆపేసింది. జూలై 1న కరాచీలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాకిస్తాన్‌ని జిన్నా ప్రారంభించారు. అప్పటికే ఆయన ఆరోగ్యం పూర్తిగా పాడైంది, రెండున్నర నెలల్లో చనిపోయారు. అక్టోబర్‌లో పాకిస్తాన్ సొంత నోట్లు వచ్చాయి. 5, 10, 100. అచ్చయింది లండన్‌లో.

అంటే ఈ పేరు వేసిన నోట్ల కథ నడిచింది ఎన్నాళ్ళు? 1948 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా. ఆరు నెలలు. అందుకే కలెక్టర్లకి అంత ఇష్టం. కొత్త నోటు వచ్చాక జనం పాత నోటు మార్చేసుకుంటారు. దాచుకున్నా, మర్చిపోయినా తప్ప మిగలదు.

ఇలా పుట్టిన నోట్లని పరివర్తన కాలపు నోట్లు అనొచ్చు. పాత దేశం పోయింది, కొత్త దేశం ఇంకా తన నోటు వేసుకోలేదు, మధ్యలో వాడిన కాగితం. ఇది పాకిస్తాన్‌కి మాత్రమే జరగలేదు. చెకోస్లోవేకియా 1993 జనవరి 1న రెండయ్యింది. మొదట ఒకే కరెన్సీ వాడదామనుకున్నారు, ఆరు వారాలు కూడా నిలవలేదు. ఫిబ్రవరిలో పాత నోట్ల మీద పోస్టల్ స్టాంపుల్లాంటి చిన్న స్టాంపులు అంటించి, ఇది చెక్ నోటు, ఇది స్లొవాక్ నోటు అని విడగొట్టారు. ఉక్రెయిన్‌లో 1992లో కూపన్ల పేరుతో నోట్లు వచ్చాయి. ధరలు ఎంత పెరిగాయంటే, 1996లో అసలు కరెన్సీ వచ్చినప్పుడు లక్ష పాత కార్బోవనెట్స్ ఇస్తే ఒక్క హ్రీవ్నియా వచ్చింది. బంగ్లాదేశ్ మొదటి టాకా నోట్లు 1972 మార్చిలో వచ్చాయి. అవి ఇండియాలో అచ్చయినవే.

మనమూ అంతే. 1947 ఆగస్టు 15న జెండా మారింది కానీ జేబులో నోటు మారలేదు. బ్రిటిష్ రాజు బొమ్మతోనే సరుకులు కొనుక్కున్నాం. అశోక స్తంభం ఉన్న రూపాయి 1949లో వచ్చింది. హైదరాబాద్ సంస్థానంలో అయితే నిజాం గారి హాలీ సిక్కా వేరే. ఏడు హాలీ రూపాయలకి ఆరు ఇండియా రూపాయలు లెక్క. పూర్తిగా రద్దయ్యేసరికి 1959. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా "హాలీ, కల్దార్" అంటుంటే అది ఈ లెక్కే. అడిగి చూడండి.

ఇదంతా చదివాక నాకు ఒక నోటు కొనాలనిపించింది. హైదరాబాద్‌లో నాణేల ఎగ్జిబిషన్ జరుగుతుంటే వెళ్ళాను. ఒక టేబుల్ దగ్గర పాకిస్తాన్ పేరున్న రెండు రూపాయల నోటు కనిపించింది. 6,500 అన్నాడు. మనకి బాగా తెలుసనే పొగరు కదా, ఐదు నిమిషాల్లో కొనేశాను.

పక్క టేబుల్ దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారట. "బాబూ, ఏం కొన్నావు, ఒకసారి చూడనిస్తావా?" అన్నారు. ఇచ్చాను. జేబులోంచి భూతద్దం తీసి ముప్పై సెకన్లు చూశారు. నోటు నాకిచ్చి, భూతద్దం కూడా నాకే ఇచ్చి, "నువ్వే చూడు" అన్నారు.

"ఏం చూడాలండీ?"

"ఆ మడత చూడు. మడత ముందు పడిందా, అక్షరాలు ముందు పడ్డాయా?"

చూశాను. నోటు మధ్యలో పాత మడత ఉంది. అక్కడ నోటు మీది రంగంతా అరిగిపోయి తెల్లటి గీత పడింది. కానీ "గవర్నమెంట్" అనే మాటలో అక్షరం ఆ తెల్లటి గీత మీద కూడా చక్కగా నల్లగా ఉంది. పైగా గీతలోకి సిరా కాస్త పాకింది. అంటే అరిగిన తర్వాత అక్షరం వేశారు. మామూలు ఇండియా నోటు తీసుకుని, దాని మీద ఎవడో ఇంట్లో స్టాంపు కొట్టాడు.

అప్పుడు పెద్దాయన చెప్పిన మాట ఇది. ఈ నోట్లని అందరూ "ఓవర్‌ప్రింట్" అంటారు. అంటే అచ్చయిన నోటు మీద మళ్ళీ అచ్చు వేశారని. కానీ నాసిక్‌లో అలా చేయలేదు. ఆ పేరుని ప్రింటింగ్ ప్లేటులోనే చెక్కారు. నోటుతో పాటే అక్షరాలూ అచ్చయ్యాయి. కాబట్టి అసలు నోటులో అక్షరం కూడా నోటుతో పాటే ముసలిదవుతుంది. మడత పడితే అక్షరమూ తెగుతుంది. మరక పడితే అక్షరం మీద పడుతుంది, కింద కాదు. నోటంతా వెలిసిపోయి అక్షరాలు మాత్రం నిన్న కొట్టినట్టు నిగనిగలాడుతుంటే అనుమానించాల్సిందే.

నాకు ఒక్కసారి మొహం మాడిపోయింది. వెనక్కి వెళ్తే అమ్మినవాడు "చూసుకునే కదా కొన్నారు" అన్నాడు. అయిపోయింది. 6,500 పోయాయి. చదువుకున్నాను, బీటెక్, ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేశాను, వారం రోజులు ఇదే చదివాను. నేనే మోసపోతే, చీరాలలో మిషన్ కుట్టుకునే మావయ్య ఏం తెలుసుకుంటాడండీ?

నా మొహం చూసి జాలేసిందేమో, పెద్దాయన తన ఆల్బమ్ తీశారు. అసలు నోటు. అదే రెండు రూపాయలు. ముందు వైపు చూపించి, నెమ్మదిగా తిప్పి, "వెనక చదువు" అన్నారు.

వెనక రకరకాల భాషల్లో విలువ రాసి ఉంది. ఉర్దూ, బెంగాలీ, తమిళం, గుజరాతీ... వాటి మధ్య తెలుగు. మన తెలుగు లిపిలో రెండు రూపాయలు అని. పాకిస్తాన్ పేరు ముందు వైపే వేశారు, వెనక్కి ముట్టుకోలేదు. ఇండియా నోటు వెనక తెలుగు ఉంది కాబట్టి అలాగే ఉండిపోయింది.

నేను కాసేపు ఏమీ మాట్లాడలేదు. 1948లో లాహోర్‌లో ఎవరో ఒక కూరగాయలాయన ఈ నోటు తీసుకుని ఉంటాడు. ఆయనకి తెలుగు అనే భాష ఒకటుందని కూడా తెలియకపోవచ్చు. మన అక్షరాలు ఆయన జేబులో ఉన్నాయి. దేశాన్ని గీత గీసి విడగొట్టారు, నోటు వెనక భాషల్ని మాత్రం విడగొట్టే టైమ్ దొరకలేదు.

"ఎంతకి ఇస్తారండీ?" అని అడిగాను.

ఆయన నవ్వి ఆల్బమ్ మూసేశారు. "అమ్మడానికి కాదు బాబూ. చూపించడానికి తెచ్చుకున్నాను."

సరే. ఇప్పుడు మీకు పనికొచ్చే నాలుగు మాటలు. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి. ఇంట్లో పాత నోటు దొరికితే కడగొద్దు, ఇస్త్రీ చేయొద్దు, టేప్ అంటించొద్దు, ల్యామినేషన్ అసలు చేయొద్దు. శుభ్రం చేశామనుకుని పాడు చేస్తాం. మామూలు పీవీసీ ప్లాస్టిక్ కవర్ కూడా కాలం గడిచేకొద్దీ నోటుని దెబ్బతీస్తుంది. నోట్ల కోసమే చేసిన కవర్లు దొరుకుతాయి.

రెండు. పాతది అంటే అరుదైనది అని కాదు. రాజు బొమ్మ నోట్లు పెద్ద సంఖ్యలో అచ్చయ్యాయి. ఆ పేరు లేని మామూలు నోటు వేరు, పేరున్నది వేరు. నేను ఆ షార్ట్‌లో ఈ తేడా చెప్పలేదు. ఆ ఒక్క ముక్క చెప్పకపోవడమే నా తప్పు.

మూడు. కొనేటప్పుడు భూతద్దం పట్టుకెళ్ళండి. మడతలు, మరకలు, అక్షరాలు. ఏది ముందు, ఏది తర్వాత? ఫోటో చూసి కొనొద్దు.

నాలుగు, అన్నిటికన్నా ముఖ్యం. మీ నోటు కొనేవాడు మీకు డబ్బివ్వాలి. మీరు వాడికి ఇవ్వడమేంటి? రిజిస్ట్రేషన్, కమిషన్, ట్యాక్స్, పేరేదైనా సరే, ముందు డబ్బు కట్టమన్నాడంటే అక్కడే ఫోన్ పెట్టేయండి. రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ఈ విషయం మీద జనాన్ని హెచ్చరించింది. పాత నోట్ల అమ్మకాలతో తమకి సంబంధం లేదని, ఎలాంటి ఛార్జీలు, కమిషన్లు అడగమని, తమ తరఫున వసూలు చేయమని ఎవరికీ అధికారం ఇవ్వలేదని చెప్పింది. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. వెంటనే అంటే వెంటనే. డబ్బు ఇంకో అకౌంట్‌కి వెళ్ళేలోపు ఆపగలిగితేనే ఉపయోగం. మావయ్య సిగ్గుపడి ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. మేం కంప్లయింట్ ఇచ్చేసరికి ఆ అకౌంట్‌లో ఏమీ లేదు.

మోసపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదండీ. మీ ఇంట్లో అమ్మకో, బాబాయికో ఇది చెప్పండి. "మాకు చెప్పు, తిట్టం" అని కూడా చెప్పండి. ఆ రెండో మాట లేకపోతే వాళ్ళు చెప్పరు.

చివరగా మావయ్య సంగతి. ఆ 29,550 నేనిస్తానని చీరాల వెళ్ళాను. షాపులో జాకెట్ కుడుతున్నాడు. మిషన్ ఆపకుండానే అన్నాడు. "డబ్బు పోతే మళ్ళీ కుట్టుకుంటాంరా. నువ్వు చెప్పావంటే నిజమే అయ్యుంటుందనుకున్నాను, అదీ బాధ." డబ్బు తీసుకోలేదు. తర్వాత లేచి లోపలికెళ్ళి తాతయ్య నోటు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నీకే తెలుసుగా వీటి గురించి. దాచు."

ఇదిగో, ఇదే ఆ నోటు. దీని మీద పాకిస్తాన్ పేరు లేదు. మామూలు రెండు రూపాయల నోటు. అంచు చిరిగింది, మూలన పసుపు మరక ఉంది. లక్షలు రావు. నేను కొన్న దొంగ నోటు కూడా పక్కనే ఫ్రేమ్ కట్టి నా టేబుల్ మీద పెట్టుకున్నాను. ప్రతి వీడియో ఎడిట్ చేసేటప్పుడు రెండూ కనపడతాయి.

ఆ పాత షార్ట్ చూసి మీలో ఎవరైనా ఎవడికైనా డబ్బు కట్టి ఉంటే, మీకూ సారీ. నిజంగా సారీ. ఆ వీడియో నా దగ్గర లేదు కానీ డౌన్‌లోడ్ చేసి ఇంకెవరో తిప్పుతూనే ఉన్నారు. మీ ఫ్యామిలీ గ్రూపులో కనపడితే, కింద ఈ ఎపిసోడ్ పెట్టండి. లైక్ కొట్టకపోయినా పర్లేదు, అది చేయండి చాలు.

వచ్చే వారం కలుద్దాం. ఉంటానండీ.